ప్లాటు కొనకముందే చూడవలసిన పటం: మున్సిపాలిటీలో జోనింగ్, ఇంటి ప్లాన్ అనుమతి

ఇల్లు కట్టాలనుకునేవారు ముందుగా ఇంజినీరు దగ్గరికి వెళ్తారు, ఆ తరువాత మున్సిపల్ కార్యాలయానికి వెళ్తారు, అక్కడ పని ఆగితే వార్డు కౌన్సిలర్ లేదా కార్పొరేటర్ ఇంటికి వెళ్తారు. ఈ వరుసలోనే పొరపాటు ఉంది. ఒక స్థలంలో ఏం కట్టవచ్చు, ఎంత కట్టవచ్చు అన్నది ప్లాన్ గీయడానికి చాలా ముందే, కొన్నిసార్లు ఆ స్థలాన్ని మనం కొనడానికి పదేళ్ల ముందే, ఏ ప్రాంతాన్ని దేనికి వాడాలో జోన్లుగా విడదీసి చూపే మాస్టర్ ప్లాన్ పటంలో తేలిపోయి ఉంటుంది. అందువల్ల ఈ వ్యాసంలో తెలంగాణ పట్టణాలను ఉదాహరణగా తీసుకుని, పాలకమండలి చేతిలో ఏముంది, కమిషనర్ చేతిలో ఏముంది, స్థల యజమాని ఏ దశలో ఏం చూసుకోవాలి అన్నది వివరిస్తాను. ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి భవన నిర్మాణ నిబంధనలు, వాటికి తరువాత వచ్చిన సవరణలు వర్తిస్తాయి కాబట్టి అంకెలు అక్కడ వేరుగా ఉండవచ్చు గాని, పని నడిచే తీరు చాలావరకు ఇదే.

పాలకమండలి ఏం చేస్తుంది, ఏం చేయదు

1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలను పన్నెండవ షెడ్యూలులో చేర్చింది. వాటిలో మొదటిది పట్టణ ప్రణాళిక, రెండవది భూ వినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ. అయితే ఆచరణలో ఈ అధికారం మూడు చోట్ల పంచబడి ఉంది. మాస్టర్ ప్లాన్‌ను పట్టణ, గ్రామీణ ప్రణాళికా విభాగమో, హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) వంటి అభివృద్ధి సంస్థో తయారు చేస్తుంది. మున్సిపాలిటీల్లో ఆ ముసాయిదాపై చర్చించి తీర్మానం చేసేది పాలకమండలి. తుది ఆమోదం రాష్ట్ర ప్రభుత్వానిది. పాలకమండలి లేని కాలంలో ప్రత్యేకాధికారి దాని స్థానంలో తీర్మానాలు చేస్తారు.

ఒక్కొక్క ఇంటి ప్లాన్‌కు అనుమతి ఇచ్చేది మాత్రం పాలకమండలి కాదు. అది కమిషనర్ పేరిట, టౌన్ ప్లానింగ్ విభాగం పరిశీలనతో జరిగే పని. నిబంధనలకు సరిపోయిన ప్లాన్‌ను కౌన్సిలర్ వద్దన్నంత మాత్రాన ఆపడానికి వీల్లేదు, సరిపోని ప్లాన్‌ను ఆయన సిఫారసు చేసినంత మాత్రాన ఇవ్వడానికీ వీల్లేదు. కౌన్సిలర్‌ను కలవవలసిన అసలు సమయం ముసాయిదా మాస్టర్ ప్లాన్ మీదో, రోడ్డు విస్తరణ మీదో, భూ వినియోగ మార్పిడి మీదో పాలకమండలి సమావేశం జరగబోతున్నప్పుడు. ఆ రోజు నోరు మెదపని వార్డు, తరువాత ఇంటింటి అనుమతి కోసం ఎంత తిరిగినా ప్రయోజనం తక్కువ.

ఈ మాటకు మనకు దగ్గరి నిదర్శనం కామారెడ్డి. అక్కడి ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో తమ సాగు భూములను పారిశ్రామిక జోన్‌లో, ప్రతిపాదిత రోడ్లలో చూపించారని తెలుసుకున్న రైతులు ఆందోళనకు దిగారు. 2023 జనవరిలో మున్సిపల్ పాలకమండలి ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. పటం ముసాయిదాగా ఉన్న దశ కాబట్టే తీర్మానంతో పని జరిగింది. అదే పటం తుది రూపం దాల్చి ప్రభుత్వ ఉత్తర్వుగా వెలువడి ఉంటే, ఒక్కొక్క రైతు తన సర్వే నంబరు కోసం విడివిడిగా మార్పిడికి దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చేది.

ముసాయిదా వెలువడినప్పుడు అభ్యంతరం రాయడం

ముసాయిదా ప్రకటనలో అభ్యంతరాలకు, సూచనలకు గడువు ఉంటుంది. పటాన్ని మున్సిపల్ కార్యాలయంలో ప్రదర్శిస్తారు. చాలామంది ఆ పటం ముందు నిలబడి రంగులు చూసి వెనక్కి వస్తారు. రంగు చూడడం చాలదు. మీ సర్వే నంబరు, పక్క సర్వే నంబర్లు, మీ స్థలానికి వచ్చే దారి, పటంలో చుక్కల గీతలుగా చూపిన ప్రతిపాదిత రోడ్లు, అన్నీ రాసుకోవాలి. వీలైతే ఫొటో తీసుకోవాలి.

అభ్యంతర పత్రం పొడవుగా ఉండనవసరం లేదు. “ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరులో నాకు ఇంత విస్తీర్ణం ఉంది, ముసాయిదాలో దీనిని ఫలానా జోన్‌గా చూపించారు, వాస్తవంగా ఇక్కడ ఇన్నేళ్లుగా ఇళ్లు ఉన్నాయి లేదా సాగు జరుగుతోంది, కావున దీనిని ఫలానా వినియోగంగా సవరించవలసిందిగా కోరుతున్నాను” అని నాలుగు వాక్యాల్లో రాసి, పట్టా నకలు, సర్వే స్కెచ్, ఇంటి పన్ను రసీదులు జతపరచాలి. మాకు అన్యాయం జరిగింది అని మాత్రమే రాసిన పత్రం మీద అధికారి చర్య తీసుకోలేడు, ఎందుకంటే ఏం మార్చాలో అందులో ఉండదు. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో సహా ఇన్‌వార్డు ముద్ర వేయించుకోవాలి. వీధి మొత్తానికి ఒకే సమస్య ఉన్నప్పుడు ఉమ్మడి పత్రం ఒకటి, ఎవరికి వారి పత్రం ఒకటి, రెండూ ఇవ్వడం మంచిది.

కొనేముందు మూడు పరిశీలనలు

మొదటిది భూ వినియోగం. హైదరాబాద్ చుట్టుపక్కల కొనేవారు, పాత ఎంసీహెచ్ (హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్) ప్రాంతానికి 2010 నాటి ప్లాన్, విస్తరించిన ప్రాంతానికి 2013 జనవరిలో ఆమోదం పొందిన 2031 మాస్టర్ ప్లాన్ అమల్లోకి వచ్చాయని గుర్తుంచుకోవాలి. తమ స్థలం ఏ ప్లాన్ కిందికి వస్తుందో ముందు తేల్చుకోవాలి. ఆ తరువాత సర్వే నంబరు, గ్రామం పేరుతో భూ వినియోగ ధ్రువీకరణ పత్రానికి దరఖాస్తు చేయాలి. అమ్మేవారు చూపించే ముద్రిత పటాన్ని నమ్మవద్దు. ఒకే సర్వే నంబరులో కొంత నివాస జోన్‌లో, కొంత కన్జర్వేషన్ జోన్‌లో, అంటే పచ్చగా కాపాడవలసిన ప్రాంతంలో, పడడం అరుదు కాదు. కన్జర్వేషన్ జోన్‌లో పడిన భూమిలో, గ్రామకంఠం వంటి మినహాయింపులు వదిలితే, మామూలు ఇళ్ల లేఅవుట్‌కు అనుమతి రాదు.

ఇక్కడే చాలామంది పడిపోయే గుంట ఒకటి ఉంది. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చే నాలా కన్వర్షన్ పత్రం చేతికి రాగానే, ఇక ఇల్లు కట్టుకోవచ్చు అనుకుంటారు. నాలా అనేది రెవెన్యూ రికార్డుకు సంబంధించిన మార్పు. జోన్ అనేది మాస్టర్ ప్లాన్‌కు సంబంధించిన నిర్ణయం. తహసీల్దారు ఇచ్చిన నాలా ప్రొసీడింగ్స్ వల్ల పటంలో ఉన్న ఆకుపచ్చ రంగు పసుపుగా మారదు. రెండూ వేర్వేరు కార్యాలయాలు, వేర్వేరు చట్టాలు. నాలా ఉంది, రిజిస్ట్రేషన్ అయింది, ఇంటి నంబరు కూడా వచ్చింది, అయినా జోన్ సరిపోక ప్లాన్ తిరస్కరణకు గురైన కుటుంబాల బాధ చూస్తే, ఈ ఒక్క తేడాను ప్రతి రిజిస్ట్రేషన్ కార్యాలయం గోడ మీదా పెద్ద అక్షరాలతో రాయించాలనిపిస్తుంది.

రెండవది నీరు. 2012 ఏప్రిల్ 7న వెలువడిన జీవో ఎంఎస్ నంబర్ 168లోని భవన నిర్మాణ నిబంధనల ప్రకారం, 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకు లేదా కుంటకు 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. వాగు, కాలువ, వరద నీరు పారే నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, 10 మీటర్ల లోపు ఉంటే 2 మీటర్లు వదలాలి. నది అయితే పట్టణ పరిధిలో 50 మీటర్లు, పరిధి బయట 100 మీటర్లు. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే గీత. మనం ఎండాకాలంలో చూసే నీటి అంచుకూ దానికీ ఎంతో దూరం ఉంటుంది. 2024లో చెరువుల ఆక్రమణలను తొలగించే సంస్థ హైడ్రా ఏర్పడిన తరువాత ఈ మాటలు ఇంటింటా వినిపిస్తున్నాయి గాని, నిబంధన మాత్రం అంతకు ముందు నుంచే ఉంది. మీ ప్లాటు దగ్గర చెరువు కనబడకపోయినా, గ్రామ పటంలో కుంట గాని, శిఖం భూమి (చెరువు గర్భంలోని భూమి) గాని ఉందేమో చూడాలి. అనుమానం ఉంటే నీటిపారుదల, రెవెన్యూ శాఖల నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోకుండా బయానా ఇవ్వవద్దు.

మూడవది లేఅవుట్. ఆమోదం పొందిన లేఅవుట్ అయితే దాని ఎల్‌పీ నంబరును (లేఅవుట్ అనుమతి సంఖ్యను) అడిగి సరిచూసుకోవచ్చు. అనుమతి లేని లేఅవుట్‌లోని ప్లాటు అయితే ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) ప్రొసీడింగ్స్ ఉన్నాయా అన్నది ప్రశ్న. 2020 నాటి పథకం, ఆ ఏడాది ఆగస్టు 26 నాటికి రిజిస్టరైన దస్తావేజు ఉన్నవాటికి వర్తించింది. అందులో క్రమబద్ధీకరణ రుసుముతో పాటు, లేఅవుట్‌లో పార్కుకు స్థలం వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం చెల్లించాలి. ఈ 14 శాతం ఎవరు భరిస్తారో అమ్మకం ఒప్పందంలోనే రాసుకోవాలి.

టేపు పట్టుకుని వీధిలోకి

ఇప్పుడు ఒక ప్లాటును దగ్గరగా చూద్దాం. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు, అంటే 200 గజాలు, సుమారు 167 చదరపు మీటర్లు. దస్తావేజులో ముందు 30 అడుగుల రోడ్డు అని రాసి ఉంది. ఒక ఆదివారం పొద్దున టేపు తీసుకుని ఎదురెదురు ప్రహరీ గోడల మధ్య కొలిస్తే 25 అడుగులే వచ్చింది. ఎవరో ఒకరు ర్యాంపు వేశారు, ఇంకొకరు మొక్కల కోసం గట్టు కట్టారు, క్రమంగా గోడలే ముందుకు జరిగాయి. నిబంధన ప్రకారం ఇంటి ముందు 9 మీటర్ల రోడ్డు, అంటే మన వాడుకలో 30 అడుగుల రోడ్డు, ఉండాలి. లేకపోతే రోడ్డు మధ్య గీత నుంచి 4.5 మీటర్లు వచ్చేలా మన వైపు స్థలం వదలాలి. ఈ ప్లాటుకు ముందువైపు రెండున్నర అడుగులు అలా పోతుంది. మిగిలిన లోతు 57.5 అడుగులు, విస్తీర్ణం దాదాపు 192 గజాలు.

సెట్‌బ్యాక్‌లను, అంటే ఇంటి చుట్టూ వదలవలసిన ఖాళీలను, ఈ కొత్త గీత నుంచి లెక్కించాలి, పాత గోడ నుంచి కాదు. 100 నుంచి 200 చదరపు మీటర్ల మధ్య ప్లాటుకు, 12 మీటర్ల లోపు రోడ్డు మీద, ముందు 1.5 మీటర్లు, మిగిలిన మూడు వైపులా ఒక్కొక్క మీటరు వదలాలి. ముందు సుమారు 5 అడుగులు, పక్కల, వెనుక 3 అడుగుల 3 అంగుళాల చొప్పున తీసేస్తే, కట్టుకోవడానికి మిగిలేది సుమారు 23.4 అడుగుల వెడల్పు, 49.3 అడుగుల లోతు, అంటే అంతస్తుకు దాదాపు 1,155 చదరపు అడుగులు. కొన్నది 1,800 చదరపు అడుగులు. ఈ లెక్క వేసుకోకుండా రెండు పడక గదులు, పూజ గది, లోపలి మెట్లు, కారు నిలపడానికి చోటు అని కాగితం మీద గీసుకున్నవారు, స్లాబు వేసే సమయానికి పక్క సెట్‌బ్యాక్ మీద చేయి వేస్తారు. ఆ మీటరు ఖాళీ మనకు దండగ కాదు, అది గాలి వచ్చే దారి, మంటలు వచ్చినప్పుడు మనిషి పరుగెత్తే దారి, పక్కింటివారి కిటికీ తెరుచుకునే దారి.

మాస్టర్ ప్లాన్‌లో చూపిన పెద్ద రోడ్డు విస్తరణలో స్థలం పోయేవారి సంగతి వేరు. ఆ స్థలాన్ని ఉచితంగా అప్పగిస్తే, సెట్‌బ్యాక్‌లలో సడలింపో, అదనపు అంతస్తో, టీడీఆర్ పత్రమో (వేరే చోట వాడుకోగల లేదా అమ్ముకోగల నిర్మాణ హక్కు) పొందే వీలుంది. అప్పగించేముందే లిఖితపూర్వకంగా ఏది కోరుకుంటున్నారో చెప్పాలి.

దరఖాస్తు: మూడు దారులు

తెలంగాణలో 2020 నాటి భవన అనుమతుల, స్వీయ ధ్రువీకరణ చట్టం ప్రకారం అనుమతులు ఆన్‌లైన్‌లోనే ఇస్తారు. ఆ వేదికను మొదట టీఎస్ బీపాస్ అని, తరువాత టీజీ బీపాస్ అని పిలిచారు, 2025లో బిల్డ్‌నౌ పేరుతో కొత్త వేదిక వచ్చింది. పేరు ఏదైనా దారులు మూడే. 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు ఇల్లు కట్టుకునేవారికి అనుమతి అవసరం లేదు, ఒక్క రూపాయి రుసుముతో నమోదు చేసుకుంటే చాలు. అంతకు మించి 500 చదరపు మీటర్ల వరకు, అంటే సుమారు 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు దాటని నివాస భవనానికి స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. ఆ పైన ఉన్నవన్నీ, నివాసేతర భవనాలతో సహా, ఏక గవాక్ష (సింగిల్ విండో) పద్ధతిలో వెళ్తాయి. అక్కడ 21 రోజుల్లోగా అనుమతో, కారణాలతో తిరస్కరణో రావాలి, రాకపోతే అనుమతి వచ్చినట్టే భావిస్తారు.

వెంటనే వచ్చే అనుమతిని చూసి మురిసిపోవడం తొందరపాటు. ఆ పత్రంలో ఉన్నది మున్సిపాలిటీ మాట కాదు, మీ మాట. స్థలం వివాదంలో లేదని, ప్రభుత్వ భూమి కాదని, జోన్ సరిపోతుందని, రోడ్డు ఇంత ఉందని మీరే ధ్రువీకరిస్తున్నారు. 21 రోజుల్లోగా తనిఖీ బృందం వచ్చి చూస్తుంది, మీరు చెప్పినది తప్పని తేలితే అనుమతిని రద్దు చేస్తుంది. తప్పుడు ధ్రువీకరణతో కట్టినదాన్ని నోటీసు లేకుండానే కూల్చే అధికారం కూడా చట్టంలో ఉంది. కాబట్టి మీ తరఫున మీ ఇంజినీరో, మధ్యవర్తో ఫారం నింపుతున్నప్పుడు పక్కన కూర్చుని ప్రతి పేజీ చదవండి. ముఖ్యంగా రోడ్డు వెడల్పు గడిలో దస్తావేజులోని 30 కాకుండా, టేపు చూపిన 25 రాయించండి. తనిఖీకి వచ్చినవారు మొదట కొలిచేది దాన్నే.

జతపరచవలసినవి: రిజిస్టరైన దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ (స్థలం మీది లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం), లేఅవుట్ ప్రతి లేదా ఎల్‌ఆర్‌ఎస్ ప్రొసీడింగ్స్, నాలుగు వైపుల నుంచి తీసిన స్థలం ఫొటోలు, లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడు గీసిన ప్లాన్. దస్తావేజులో ఉన్న విస్తీర్ణానికీ నేల మీద కొలతకూ తేడా ఉంటే, రెండింటిలో తక్కువదాన్ని పట్టుకుని ప్లాన్ గీయించడం క్షేమం. 200 చదరపు మీటర్లు దాటిన ప్లాటుకు గాని, 7 మీటర్లు దాటిన ఎత్తుకు గాని, నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతం భాగాన్ని మున్సిపాలిటీకి తనఖా పెట్టాలి. ప్లాన్ ప్రకారమే కడతామన్న మాటకు ఇది పూచీ.

జోన్ సరిపోకపోతే

అప్పుడు ఉన్న దారి భూ వినియోగ మార్పిడి. హెచ్‌ఎండీఏ పరిధిలో ఆ సంస్థకు, ఇతర పట్టణాల్లో మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టాలి. మున్సిపాలిటీలో అయితే పాలకమండలి తీర్మానంతో ప్రతిపాదన పట్టణ ప్రణాళికా విభాగానికి, అక్కడి నుంచి ప్రభుత్వానికి వెళ్తుంది. ప్రభుత్వం ముసాయిదా ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలు తీసుకుని, రుసుములు కట్టించుకుని, తుది ఉత్తర్వు జారీ చేస్తుంది. ఇది నెలల తరబడి సాగే పని, ఫలితం ఖాయం కాదు. మీ స్థలం చుట్టూ అదే వినియోగం ఉండి, తగిన వెడల్పున్న రోడ్డు ఉంటే వాదనకు బలం ఉంటుంది. నాలుగు దిక్కులా పొలాలుండి మధ్యలో మీ ఎకరం మాత్రమే మారాలంటే బలం ఉండదు. మార్పిడి వస్తుందన్న హామీ మీద మార్కెట్ ధర పెట్టి భూమి కొనడాన్ని నేను ఎవరికీ సలహా ఇవ్వను.

మీ పక్క స్థలానికే ఇటువంటి మార్పిడి ప్రకటన వస్తే అభ్యంతరం చెప్పే హక్కు మీకూ ఉంది. ఇళ్ల మధ్య గోదాము వస్తుందంటే లారీలు తిరిగే దారి వెడల్పు, బడి ఎంత దూరంలో ఉంది, మురుగు ఎటు పోతుంది అన్నవి రాయాలి.

కట్టేటప్పుడు, కట్టిన తరువాత

అనుమతి వచ్చిన 18 నెలల్లోగా పని మొదలుపెట్టి, మూడేళ్లలో ముగించాలి. మంజూరైన ప్లాన్ ప్రతిని స్థలంలో అందుబాటులో ఉంచాలి. పునాదికి ముగ్గు పోసే రోజున మేస్త్రీ చేతికి సెట్‌బ్యాక్ కొలతలు కాగితం మీద రాసి ఇవ్వాలి, నాలుగు మూలలా మేకులు కొట్టి మీరే కొలవాలి. గోడ లేచాక కనబడే తప్పు సరిదిద్దడానికి లక్షలవుతుంది, ముగ్గు దశలో అది సుత్తితో మేకు జరిపినంత పని. బాల్కనీని గదిగా మార్చడం, స్టిల్ట్‌లో (ఇంటి కింద స్తంభాల మధ్య వదిలిన అంతస్తులో) కారు చోటును దుకాణంగా మార్చడం, ఇంకుడు గుంతను ప్లాన్‌లోనే వదిలేయడం, ఈ మూడే ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఇంట్లో చేరడానికి అనుమతి పత్రం) దగ్గర ఎక్కువగా చిక్కులు తెస్తాయి.

పని పూర్తయ్యాక పూర్తయినట్టు నోటీసు, ఫొటోలు, సాంకేతిక నిపుణుడి ధ్రువీకరణతో ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయాలి. ఏక గవాక్షంలో వెళ్లిన భవనాలకు దీనికి 15 రోజుల గడువు ఉంది. దరఖాస్తు మీద కదలిక లేకపోతే, సమాచార హక్కు చట్టం కింద ఫైలు ఏ తేదీన ఎవరి దగ్గర ఉంది, ఏ లోపం రాశారు అని అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఓసీ చేతికి రాగానే దాన్ని పట్టుకుని తనఖా విడుదలకు దరఖాస్తు పెట్టాలి. ఇంట్లోకి చేరిన సంతోషంలో చాలామంది దీన్ని మరిచిపోతారు, పదేళ్ల తరువాత పిల్లల పేరిట రాయడానికో, బ్యాంకు రుణానికో ఈసీ తీసినప్పుడు మున్సిపాలిటీ పేరు అందులో కనబడుతుంది. విడుదల పత్రం రిజిస్టరయ్యాక కొత్త ఈసీ ఒకటి తీసి, మంజూరైన ప్లాన్, ఓసీ, పన్ను రసీదులతో కలిపి ఒకే ఫైల్లో పెట్టండి.